హార్వెస్టరా, ముసలితనపు రొక్కమా? ఆయకట్టు వర్తకుల ముందున్న లెక్క

బాన్సువాడ: వడ్ల ధర బిగువుగా ఉన్నా, సడలినా, నిజాంసాగర్ ఆయకట్టు వర్తకుల కొట్లలో సీజను చివర నడిచే బేరం ఒకటున్నది. అది వడ్ల బేరం కాదు. గల్లాలో మిగిలిన పది లక్షలను వరికోత హార్వెస్టర్‌కు బయానా కట్టాలా, లేక అరవై ఏళ్లు దాటిన తర్వాతి ఖర్చులకు దాచాలా అన్నది ఆ బేరం. కోత, నూర్పిడి యంత్రాలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం బదులు 5 శాతమైంది. పన్ను కలవని ధర 30 లక్షలయితే కొనేవారికి కలిసివచ్చేది 2 లక్షల 10 వేలు. మొగ్గు మిషన్ వైపు ఉండడంలో వింత లేదు.

సముద్రతీరపు షావుకారుకు తెరచాప పడవ మీద ఎంత మోజో, కాలువ కింది షావుకారుకు హార్వెస్టర్ మీద అంత మోజు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొట్టు ముందు నిలబెట్టుకుంటే వచ్చే పరువు బ్యాంకు పాసుబుక్కుకు రాదు. అయితే మోజుకు తోడు వ్యాపార కారణం కూడా ఉన్నది. బాన్సువాడ, బీర్కూర్, వర్ని ప్రాంతాల్లో యాసంగి నాట్లు రాష్ట్రంలో చాలా చోట్ల కంటే ముందే పడతాయి. వడగళ్ల వానలకు ముందే పంట ఇంటికి చేర్చాలన్నది రైతుల ఆత్రం. ఇక్కడి కోతలు ముగిసేసరికి ఇతర ఆయకట్టుల్లో కోతలు మొదలవుతాయి. అందువల్ల ఇక్కడి మిషన్‌కు బయట కూడా పని దొరికే వీలున్నది.

రెండో కారణం ఇంట్లోనే ఉన్నది. మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కేంద్రాలు మద్దతు ధరకు వడ్లు కొని, డబ్బు రైతు ఖాతాలో నేరుగా పడడం మొదలైనప్పటి నుండి దొడ్డు రకంపై అడ్తి కమిషన్ సన్నగిల్లింది. సన్నాల కొనుగోలు, ఎరువులు, లారీ కిరాయి వంటివే ఆదరువుగా మిగిలాయి. ఇలాంటి కొట్టులో తండ్రి పక్కన కూర్చున్న కొడుకు హైదరాబాద్ వైపో, గల్ఫ్ వైపో చూస్తాడు. మిషన్ కొంటే కొడుకు ఊళ్లో ఉంటాడు, కొడుకు ఊళ్లో ఉంటే అదే తనకు పెన్షన్ అని తండ్రి తలపోస్తాడు. ఈ లెక్క ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు గాని, బేరం తేల్చేది చాలాసార్లు ఇదే.

ఇక అంకెలు చూద్దాం. 30 లక్షల మిషన్, 10 లక్షలు రొక్కం, 20 లక్షలు అప్పు. వడ్డీ 11 శాతం, అయిదేళ్లలో పది అర్ధసంవత్సరపు కిస్తీలు అనుకుంటే ఒక్కో కిస్తీ 2 లక్షల 65 వేలు. అంటే పంటకొక కిస్తీ. గంటకు 2,200 కిరాయి, రోజుకు 8 గంటలు, 30 రోజులు పని దొరికిందనుకుంటే వసూలు 5 లక్షల 28 వేలు. గంటకు 850 రూపాయల డీజిల్ చొప్పున 2 లక్షల 4 వేలు పోతుంది. డ్రైవరు, సహాయకులు, ఊరి మధ్యవర్తి కమిషన్ కింద 90 వేలు, బ్లేడ్లు, బెల్టులు, మరమ్మతులకు 50 వేలు తీసివేయండి. మిగిలేది 1 లక్షా 84 వేలు. కిస్తీకి ఇంకా 81 వేలు తక్కువ.

ఆ లోటు పూడాలంటే మిషన్ మరో పది పన్నెండు రోజులు బయటి జిల్లాలో తిరగాలి. వెంట యజమాని మనిషి ఉండాలి, లేకుంటే డీజిల్ లెక్క, గంటల లెక్క రెండూ కలవవు. కొట్లో కూర్చున్న యాభై అయిదేళ్ల మనిషి చేసే పని కాదిది. కొడుక్కు ఆ పనిలో నిజమైన ఆసక్తి ఉన్నదా అని అడిగి, జవాబు విన్న తర్వాతే బయానా కట్టడం మంచిది.

నీటి సంగతి వేరే చెప్పాలి. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కు మంజీర నీరు పైనున్న సింగూరు దాటి రావాలి. 2015లో జలాశయం ఎండి, 2015-16లో కాలువ కింద సాగు కుదేలయింది. 2016 సెప్టెంబరు వరదలతో గాని మళ్లీ నిండలేదు. కాలువకు నీరు రాకపోయినా కిస్తీ గడువు మాత్రం వస్తుంది. మిషన్ విలువా నిలవదు. ఏటా 15 శాతం తరుగుదల వేస్తే 30 లక్షల సొత్తు అయిదేళ్లకు పుస్తకాల్లో 13 లక్షల 31 వేలు.

ఇంతమాత్రాన మిషన్ వద్దనడం కాదు. మిషన్ కొనని వర్తకుడు ఆ పది లక్షలను నిజంగా దాచుకుంటున్నాడా అన్నది అసలు ప్రశ్న. చాలామంది చేసేది మళ్లీ ఉద్దెర ఇవ్వడమే. వర్తకుడికి ప్రావిడెంట్ ఫండ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 'కొట్టే నా పెన్షన్' అంటాడు. కాని కొట్టు సొత్తులో ఎక్కువ భాగం ఊళ్లలో రావలసిన బాకీలు. పైగా 1932 భాగస్వామ్య చట్టం కింద సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తి బాధ్యుడు. తోటి భాగస్వామి తప్పుడు బేరం చేసినా తన ఇంటి మీదికి రావచ్చు. యాభై ఏళ్ల కష్టం ఒక్క దివాలాలో తుడిచిపెట్టుకుపోయేది ఇలాగే.

అందువల్ల వర్తకుడు వడ్డీ రేటు కంటే ముందు చూడవలసింది, సొమ్ము వ్యాపారానికి అందకుండా ఉన్నదా అన్నది. 1968 నాటి పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌కు ఇక్కడే విలువ. ఖాతాదారు అప్పుల కోసం కోర్టు డిక్రీ కింద ఆ ఖాతాను జప్తు చేయడానికి వీలులేదు. వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగి, 2025లోనూ అక్కడే ఉన్నది. నలభై అయిదో ఏట మొదలుపెట్టి ప్రతి ఏప్రిల్ మొదట్లో లక్షన్నర చొప్పున 15 ఏళ్లు వేస్తే, కట్టిన 22 లక్షల 50 వేలు అదే రేటున సుమారు 40 లక్షల 68 వేలవుతుంది. 2005 మే 13 తర్వాత ఉమ్మడి కుటుంబం పేర ఈ ఖాతా తెరిచే వీలు లేదు. ఎవరి పేర వారే తెరవాలి. నలభై దాటని కొడుకులకు 2019 సెప్టెంబరులో ప్రారంభించిన చిన్న వర్తకుల పెన్షన్ పథకం ఉన్నది. నెలకు 55 నుండి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. అరవై తర్వాత నెలకు వచ్చేది 3,000. టర్నోవరు కోటిన్నర మించరాదు.

దాచిన సొమ్ముకూ తరుగు ఉన్నది. దాన్ని వడ్లలో కొలిస్తే వర్తకులకు సులువుగా తెలుస్తుంది. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో గరిష్ఠంగా 30 లక్షలు వేస్తే, 2025లో ఉన్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 61,500 వస్తుంది. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 కనుక అది 26 క్వింటాళ్ల ధర. ఇదే ధర 2015-16లో 1,410. వచ్చే పదేళ్లూ అదే జోరున పెరిగితే ఆ 61,500కు వచ్చేవి పదిహేనున్నర క్వింటాళ్లే. మిషన్‌కు తుప్పు పట్టినట్టే నోటుకూ పడుతుంది, కాస్త నెమ్మదిగా.

యాభై దాటిన అడ్తిదారు ముందుగా ఆ 30 లక్షల్లో కనీసం సగం తన పేర, భార్య పేర పక్కన పెట్టుకుని, ఆపై మిగిలిన దానితో మిషన్ చూసుకోవడం క్షేమం. ఇల్లు తాకట్టు పెట్టి కొనే మిషన్ ఎంత చౌకగా వచ్చినా ఖరీదే. చేయి తిరగని వారికి సెకండ్‌హ్యాండ్ మిషన్ మేలు. యాసంగి కోతలు ముగిశాక, కిస్తీ కట్టలేక అమ్మకానికి వచ్చే వాటిలో మంచివీ ఉంటాయి. ఇంజన్ గంటల మీటరు ఒక్కటే చూసి బేరం తెంపకుండా, మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొలంలో దింపి చూడాలి. కాగితాల మీద పాత బ్యాంకు అప్పు తీరిందో లేదో రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే రొక్కం చేతులు మారాలి.