ఇంగ్లీషు కళ్ళజోడుతో ఫ్రాన్సు

అమీరుపేట కూడలిలో నిలిచి తలయెత్తి చూచినవారికి ఆకాశము కనబడుట అరుదు. పైన రైలు వంతెనలు ఒకదానిమీద నొకటిగ సాగుచుండును. క్రింద గోడగోడకును బోధనాసంస్థల బోర్డులు. కంప్యూటరు విద్యలు, ఇంగ్లీషు సంభాషణ, ఉద్యోగపరీక్షలు, విదేశ విశ్వవిద్యాలయ ప్రవేశములు. వీని నడుమ ఫ్రెంచి నేర్పుదుమను బోర్డులును చోటుచేసికొన్నవి. కెనడాకు వలసబోవ గోరువారికి ఫ్రెంచి వచ్చినయెడల అదనముగ మార్కులు వేయు పద్ధతిని అచ్చటి ప్రభుత్వ మేర్పరచినది. 2023వ సంవత్సరమున ఫ్రెంచి తెలిసినవారిని ప్రత్యేకముగ నెన్నుకొనుటకును ప్రారంభించినది. కావున జిల్లాలనుండి వచ్చి, ఇరుకు హాస్టలు గదులలో నలుగురేసి తలదాచుకొను యువకులు ఇంగ్లీషు పుస్తకముల సాయముతో ఫ్రెంచి క్రియలను వల్లెవేయుచున్నారు. భాష నేర్చుట మంచిదే. ఆ భాష మాటలాడు జనుల రాజ్యవ్యవహారమును గూడ ఇంగ్లీషుద్వారానే గ్రహింపజూచుటవలన కలుగు చిక్కులను గూర్చి నేడు మేము కొంత ముచ్చటింపదలచితిమి.

ఆ చిక్కు ఎట్టిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. ఆ బోర్డులపైనుండి సాగు రైలునే చూడుడు. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు నాగోలు మార్గము తెరువబడినపుడు ఆ రైళ్లను నడుపు బాధ్యత వహించినది కియోలిస్ అను ఫ్రెంచి సంస్థయొక్క శాఖ. ఆ మాతృసంస్థలో నూటికి 70 పాళ్లు ఫ్రెంచి ప్రభుత్వ రైల్వేలవి. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 24న అమీరుపేటనుండి పంజాగుట్టమీదుగ లాల్ బహదూరు నగరమువరకు మార్గము సాగినది. ఇది ప్రభుత్వ రైలా, ప్రైవేటు రైలా? ఇంగ్లీషు చదువు చదివిన మనకు మొదట తోచు ప్రశ్న యిది. సొత్తు ఎవరిదో తేలినగాని వస్తువు స్వభావము మనకు బోధపడదు. ఫ్రెంచివాడు వేరువిధముగ నడుగును. అది సర్వజనుల అవసరమును తీర్చునదా యని యతని ప్రశ్న. తీర్చునదైనచో, నడుపువాడు ప్రభుత్వమైనను కంపెనీయైనను, అది 'సెర్వీస్ ప్యుబ్లిక్'. అనగా అది ఎడతెగక సాగవలెను, అందరియెడలను సమముగ వర్తింపవలెను, కాలమునుబట్టి మారుచుండవలెను. ఆ మాటను ఇంగ్లీషులోనికి దింపినంతనే 'పబ్లిక్ సర్వీసు' అగుచున్నది. అమీరుపేటలో ఆ మాట చెవినిబడినచో ఎవరికైనను గ్రూపు పరీక్షలును, సర్వీసు కమీషనును తప్ప మరేమి స్ఫురించును?

మన కన్నులకు ఈ కళ్ళజోడు తగిలిన తేదీ చరిత్రలో నున్నది. రెండవ నిజాము కొలువున ఫ్రెంచి సేనాని రేమండు సుమారు 14,000 మంది సిపాయిలకు శిక్షణ నిచ్చి, తోపులు పోతపోయించి, 1798 మార్చి 25న మరణించెను. ఆ యేటనే సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషువారితో సైన్యసహాయపు టొడంబడిక చేసికొనెను. అక్టోబరులో కిర్క్‌పాట్రిక్కు ఆ ఫ్రెంచి పటాలములను నిరాయుధులను గావించెను. నాటినుండి ఐరోపా యనగా మనకు ఇంగ్లండే. యానాములోని తెలుగువారు 1954వ సంవత్సరము దాక పరాసుల పాలనలో నుండిరిగాని, గోదావరి కీవలనున్న మనకు వారి యనుభవము పరదేశపు టనుభవమువలెనే యుండిపోయెను. న్యాయశాస్త్రము చదివిన పెద్దలకు ఫ్రాన్సును చూపినవాడు గూడ ఇంగ్లీషువాడే. అతని పేరు డైసీ.

1885లో వెలువడిన డైసీగారి రాజ్యాంగశాస్త్ర గ్రంథము మన లా కళాశాలలలో తరతరములుగ పాఠ్యమై యున్నది. ఇంగ్లండున అధికారియు సామాన్యుడును ఒకే న్యాయస్థానము నెదుట సమానులనియు, ఫ్రాన్సులో అధికారులకు వేరు న్యాయస్థానము లున్నవి గావున అచ్చట పౌరునికి రక్షణ తక్కువ యనియు ఆయన నేర్పెను. వినుటకు ఎంత న్యాయముగ నున్నది! ఆయనయే తరువాత 1915లో ఈ యభిప్రాయమును కొంత సడలించుకొనెను గాని, మన విద్యార్థులకు మొదటి పాఠమే నిలిచిపోయినది.

జరిగిన దేమి? బోర్డో నగరమున ప్రభుత్వ పొగాకు కార్ఖానా బండి తగిలి ఒక బాలిక గాయపడెను. ఆమె తండ్రి ప్రభుత్వముపై దావా తెచ్చెను. 1873 ఫిబ్రవరి 8న వెలువడిన తీర్పులో, ప్రభుత్వము తన సేవకుల తప్పునకు బాధ్యత వహింపవలసినదే యనియు, అయితే ఆ బాధ్యతకు సూత్రములు వేరుగ నుండుననియు, వానిని తేల్చువి పరిపాలనా న్యాయస్థానములనియు నిర్ణయమైనది. నెపోలియను 1799లో స్థాపించిన 'కాన్సెయ్ దెతా' అను రాజ్యసభాన్యాయస్థానము ఆ విత్తనమునుండి మహావృక్షమును పెంచినది. అధికారి యుత్తరువు అక్రమమని తోచిన పౌరుడు దానిని కొట్టివేయుమని కోరుటకు న్యాయవాదిని పెట్టుకొనవలసిన నిర్బంధము గూడ లేదు. డైసీగారు దౌర్జన్యముగ చిత్రించిన వ్యవస్థ యిదియే.

మన యింట జరిగినది చూడుడు. 1947లో మీరటు పోలీసులు ఒక వర్తకుని పట్టి, అతని బంగారమును స్వాధీనపరచుకొనిరి. ఒక హెడ్ కానిస్టేబులు ఆ బంగారముతో పాకిస్తానునకు పారిపోయెను. వర్తకుడు సుప్రీంకోర్టుదాక పోగా, 1964లో కస్తూరీలాలు వ్యాజ్యమను పేర వెలువడిన తీర్పు ఏమన్నది? అరెస్టును జప్తును సార్వభౌమాధికారపు పనులు గావున ప్రభుత్వము బాధ్యురాలు కాదన్నది. ఈ వాదమునకు మూలము ఈస్టిండియా కంపెనీ కాలపు సంగతులపై 1861లో కలకత్తాలో వెలసిన తీర్పు! కంపెనీ పోయెను, రాణి పోయెను, చక్రవర్తి పోయెను. స్వతంత్రము వచ్చి పదునేడేండ్లైనను ఆ కవచము మాత్రము ప్రభుత్వపు మేనిమీద నిలిచియుండెను. దానిని చాలవరకు చీల్చినది ఒక తెలుగు వర్తకుని వ్యాజ్యమని మనవారికి తెలియదు. అధికారులు జప్తుచేసిన ఎరువులును ధాన్యమును చెడిపోగా, నాగేంద్రరావు కంపెనీవారు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముపై తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1994లో నష్టపరిహార మీయవలసినదే యని తీర్పు చెప్పినది. ఫ్రెంచివారు 1873లో వేసిన యడుగు నందుకొనుటకు మనకు నూటయిరువది యొక్క సంవత్సరములు పట్టినవి.

పంజాగుట్టకు రండు. నిజాము వైద్యవిజ్ఞానసంస్థలో 1990లో శస్త్రచికిత్స జరిగిన ఒక ఇంజనీరింగు విద్యార్థికి నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. ఆతడు ఏండ్లతరబడి పోరాడి, తన వ్యాజ్యమును తానే వాదించుకొనగా, సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయల పరిహారము నిప్పించినది. ఆతడు న్యాయము కోరిన త్రోవ వినియోగదారుల శాసనము. ప్రభుత్వ ధర్మముతో నడుచు వైద్యాలయమునకు పోయిన రోగిని మన చట్టము దుకాణమున సరకు కొన్నవానిగ జూచి కాపాడినది. కాపాడినది గదా యందురేమో; కాపాడినది, పందొమ్మిదేండ్లకు. ఫ్రాన్సులో ప్రభుత్వ వైద్యాలయమున తప్పు జరిగినచో రోగి కొనుగోలుదారుడు కాడు. ప్రజాసేవను వాడుకొను హక్కుగలవాడు, పోవలసినది పరిపాలనా న్యాయస్థానము. 2002 మార్చి 4వ తేదీ శాసనముతో మరియొక సదుపాయము చేరినది. ఎవరి తప్పును లేకయే చికిత్సలో తీవ్రమైన యాపద కలిగినచో, నియమములకు లోబడి, జాతీయనిధినుండి పరిహార మిత్తురు. వైద్యుని దోషిగ నిలబెట్టినగాని రోగికి రూకలు రాని పద్ధతికిని దీనికిని ఎంత దూరము! ఫ్రాన్సులోను ఆలస్యము లున్నవి, కాగితముల యడవు లున్నవి. కాని వారి ప్రశ్న వేరు.

ఇక మతవిషయము. ఈ సంగతిలో మన ఇంగ్లీషు పత్రికలు కలిగించినంత గందరగోళము మరెందును లేదు. 'లయిసితే' యను ఫ్రెంచి మాటను 'సెక్యులరిజం' అని తర్జుమాచేసి, పిమ్మట మన సెక్యులరిజంతో తూచి, ఫ్రెంచివారు తప్పినారని తేల్చుదురు. అమీరుపేటకు కూతవేటు దూరమున బల్కంపేట ఎల్లమ్మవారి కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములు సమర్పింతురు. దేవాలయములకు దేవాదాయశాఖ కలదు, హజ్జుయాత్రకు సంఘము కలదు. అన్ని మతములకును సమముగ చేయూతనిచ్చుట మన భావము. 1905 డిసెంబరు 9వ తేదీ ఫ్రెంచి శాసనమో, గణతంత్రము ఏ మతమును గుర్తింపదు, జీతమీయదు, ధనసహాయము చేయదు అన్నది. చర్చి పెత్తనముతో శతాబ్దములు పెనుగులాడిన జాతి చేసికొన్న కట్టడి యది. అందును మినహాయింపు లేకపోలేదు: ఆ శాసనకాలమున జర్మనీ చేతిలోనున్న ఆల్సేసులో నేటికిని మతాచార్యులకు ప్రభుత్వమే జీతమిచ్చుచున్నది.

దీనివలన మన పిల్లలకు కలుగు చిక్కు స్వల్పము కాదు. ఫ్రాన్సులో తలముసుగు నిషిద్ధమని విని అచ్చటి చదువు మానుకొన్న యాడుపిల్లలను, తలపాగ తీయవలసివచ్చునని జంకిన సిక్కు కుర్రవాండ్రను మే మెరుగుదుము. 2004 మార్చి 15వ తేదీ శాసనము ప్రభుత్వ పాఠశాలలకును, ఉన్నత పాఠశాలలకును వర్తించును. విశ్వవిద్యాలయ విద్యార్థులకు వర్తింపదు. 2010 అక్టోబరు 11వ తేదీ శాసనము ముఖమును కప్పుటనుగూర్చినది. తలను గూర్చినది కాదు. ఈ రెండు వాక్యములు ఏ ఇంగ్లీషు పత్రికయైన స్పష్టముగ వ్రాసియున్నచో ఎన్ని ప్రయాణములు ఆగకుండెడివో! ఆ శాసనములు న్యాయమా యన్నది వేరు వివాదము. వానివలన ముస్లిము బాలికలకే యెక్కువ కష్టము కలిగినదని ఫ్రాన్సులోనే గట్టిగ వాదించువారు కలరు; వారితో మే మేకీభవింతుము.

2024 నవంబరు 6న తెలంగాణ ప్రభుత్వపు ఇంటింటి సర్వే మొదలైనపుడు, లెక్కలు వ్రాయువారు మన వాకిట నిలిచి కులమేమని యడిగిరి. అట్లడుగుట ఫ్రెంచి ప్రభుత్వోద్యోగికి ఊహకందని పని. మతమును, జాతిమూలమును తెలుపు వివరములను సేకరించుటను 1978 జనవరి 6వ తేదీ శాసనము, కొన్ని మినహాయింపులతో, నిషేధించినది. 2007లో వారి రాజ్యాంగ న్యాయమండలి జాతిమూలమునుబట్టి లెక్కలు తీయరాదని కొట్టివేసినది. లెక్కింపక అన్యాయ మెట్లు తేలునని మనము. లెక్కించినచో భేదము గట్టిపడునని వారు. వారి పొరబాటు పారిసు శివారులలోని కాలనీలలో కనబడును. అచ్చట వివక్షకు గురియైనవాడు తనవంటివా రెందరో సర్కారు లెక్కలలో చూపజాలడు. మన పొరబాటు మాట మనకే తెలియును.

పత్రికలవారము గావున పత్రికల సంగతి కొంత చెప్పనిండు. ఫ్రాన్సులో పాతగోడలమీద నేటికిని ఒక వాక్యము కనబడును: ప్రకటన లంటింపరాదు, 1881 జూలై 29వ తేదీ శాసనము. అమీరుపేట మెట్రో స్తంభములను చూచినవానికి ఈ వాక్యముపై అసూయ కలుగును. ఐనను గోడలనుగూర్చిన ఆ నియమమున్న శాసనము పేరు పత్రికాస్వాతంత్ర్య శాసనము. మన దేశభాషాపత్రికల గొంతు నులుముటకు లిట్టను 1878లో చట్టము తెచ్చిన మూడేండ్లకే అచ్చట ఇది వెలసినది. అందుచేతనే ఇంగ్లీషువారు వెంటాడిన సుబ్రహ్మణ్య భారతి 1908లో పుదుచ్చేరికి పోయి తన పత్రికను ఫ్రెంచి నేలనుండి నడుపగలిగెను. ఫ్రెంచివారు మన యుద్ధారకులని యిందుచే ననుకొనరాదు. అల్జీరియాలో వారేమి చేసిరో లోకమెరుగును.

ల మోంద్ పత్రికను మొదటిసారి పట్టినవాడు తేదీ చూచి నిర్ఘాంతపోవును. అది మధ్యాహ్నము వెలువడి రేపటి తేదీ ధరించును. 1944 డిసెంబరులో అది పుట్టిన విధము తెలిసికొనదగినది. జర్మను ఆక్రమణలో అచ్చగుచువచ్చిన పత్రికలను విమోచనానంతరము మూసివేసి, వాని భవనములను ముద్రణయంత్రములను క్రొత్తవారి కిచ్చిరి. ల తాం పత్రిక యిల్లు ఆవిధముగనే ల మోంద్ చేతికి వచ్చెను. నేటికిని వారి ప్రభుత్వము పత్రికలకు ధనసహాయము చేయును. ఇంగ్లీషు తలకు ఇది లంచమువలె దోచును. ప్రభుత్వ ప్రకటనలకై కార్యాలయములచుట్టు తిరుగు మన పత్రికాధిపతులు మాత్రము ఈ విషయమున వారిని నిందింప నర్హులు కారు. 1915లో పుట్టిన ల కనార్ అన్‌షెనే యను వ్యంగ్యవారపత్రిక ప్రకటనలే వేసికొనదు. మంత్రులను గడగడలాడించునది అదియే. పారిసు వార్తలు మనకు ఎక్కువగ రాయిటరుద్వారా లండను మీదుగ వచ్చుచున్నవి. ఆ రాయిటరు మహాశయుడు ఈ విద్య నేర్చినది పారిసులో, అవాస్ వార్తాసంస్థలో!

లండను మీదుగ వచ్చు వార్తలలో ఫ్రెంచివాడు ఎల్లపుడు సమ్మెలోనే యుండును. 2019 అక్టోబరు 5న ఇచ్చట ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మెకు దిగిరి. వారు తమంతట తామే యుద్యోగము వదలుకొన్నట్లని ముఖ్యమంత్రి ప్రకటించిరి. యాబదిరెండు దినములు సాగిన ఆ సమ్మెలో జనమంతయు అమీరుపేట స్టేషనున క్రిక్కిరిసినది. సరిగ రెండు నెలలకు, డిసెంబరు 5న, పింఛనుల విషయమై ఫ్రాన్సులో రైల్వే కార్మికులు పని మానిరి. వారి యుద్యోగము పోయినదని ఎవరును ప్రకటింపలేదు. సమ్మెహక్కు అచ్చట 1946 నాటి రాజ్యాంగ పీఠికలోనే యున్నది. 2007 శాసనముచే ఆ సమ్మెలో చేరదలచిన రైలు నడుపువాడు 48 గంటల ముందుగ తెలుపవలెను, ప్రయాణికులకు ఏ రైళ్లు నడుచునో ముందే చెప్పవలెను. హక్కు నిచ్చినవారే కట్టడియు చేసిరి.

అమీరుపేటలో ఎర్రమార్గపు రైలెక్కి, పంజాగుట్ట దాటి, మూసీ దాటి, మలకుపేట దాటి పోయినచో మూసారాంబాగు స్టేషను వచ్చును. రేమండునే మన హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలిచిరి; ఆ పేరే ఆ పేటకు నిలిచినదని జనశ్రుతి. అతని సమాధి ఆ చేరువ గుట్టమీద నున్నది. రైలులో స్టేషను పేరు తెలుగున, హిందీలో, ఇంగ్లీషులో చదువుదురు. ఫ్రెంచి పుస్తకము చేతబట్టుకొన్న కుర్రవాడు తలయెత్తకయే దిగిపోవుచుండెను.