తొలి పెట్రోల్ బంక్ 369 కి.మీ. తర్వాతే! కుక్కను వెంటేసుకుని వ్యాన్‌లో కెనడా ఉత్తర కొసకు.. వీడియోల్లో కనపడని సంగతులివే

అమృతలూరు: ఓ వ్యాన్.. అందులోనే మంచం, పొయ్యి, చిన్న సింక్. ముందు సీట్లలో భార్యాభర్తలు, వాళ్ల మధ్యలోంచి తొంగిచూసే కుక్క. అద్దం అవతల మంచు కొండలు. ఫోన్‌లో ఇలాంటి వీడియో వస్తే ఎవరైనా కాసేపు ఆగి చూడాల్సిందే. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి కెనడా వెళ్లి చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలున్నారు. 'అమ్మా, సెలవుల్లో వ్యాన్ తీసుకుని నార్త్‌కు వెళ్తున్నాం' అని వాళ్లు ఫోన్ చేస్తే ఇక్కడ ఇంట్లోవాళ్లకు గుండె దడ. ఇంతకీ ఆ నార్త్ ఎలా ఉంటుంది? అంత భయపడాల్సిన పనుందా?

ముందు సైజు చూద్దాం. కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ ప్రాంతం విస్తీర్ణం 4.82 లక్షల చదరపు కి.మీ. మన ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు మూడు రెట్లు. జనం మాత్రం 2021 లెక్కల్లో 40,232 మంది. 2011 నాటికే ఒక్క తెనాలి పట్టణంలో లక్షన్నర దాటారు. అంటే దారి తప్పితే అడగడానికి మనిషి దొరకడు. టొరంటో నుంచి అక్కడికి చేరాలంటేనే 5 వేల కి.మీ. పైన నడపాలి.

పేరుకే హైవే.. అంతా కంకరే

వ్యాన్ యాత్రికులు ఎక్కువగా కలలుగనే దారి డెంప్‌స్టర్ హైవే. డాసన్ సిటీకి 40 కి.మీ. దూరంలో మొదలై, 737 కి.మీ. సాగి ఇనువిక్ పట్టణంలో తేలుతుంది. 1979లో ప్రారంభించారు. 405వ కి.మీ. దగ్గర ఆర్కిటిక్ వలయాన్ని దాటుతుంది. ఇనువిక్ నుంచి ఉత్తర మహాసముద్రం ఒడ్డునున్న టుక్టోయాక్టుక్‌కు మరో 140 కి.మీ. ఈ ముక్కను 2017 నవంబర్ 15న తెరిచారు. అంతకుముందు చలికాలంలో అయితే గడ్డకట్టిన నది మీద, సముద్రం మీదే బండ్లు నడిచేవి!

తారు ఎందుకు వేయలేదంటారా? అక్కడి నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. నేరుగా రోడ్డు వేస్తే వేడికి ఆ మంచు కరిగి రోడ్డు కుంగిపోతుంది. అందుకే మీటరుకు పైగా, కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటి కంకర పోసి, దాన్నే నేలకు దుప్పటిలా కప్పారు. మన డెల్టాలో వానకు రేగడి డొంకలు కుంగితే కంకర పోస్తాం కదా.. అక్కడ కంకర పోసేది కింద మంచు కరగకుండా ఉండటానికి.

ఆ కంకరలో పలుగురాళ్లు కత్తుల్లా ఉంటాయి. టైర్లు చీలడం మామూలే. ఒకటి కాదు, రెండు స్టెప్నీలు పెట్టుకోమని తెలిసినవాళ్లు చెప్తారు. ఎదురొచ్చే లారీ ఎగరేసే రాయికి అద్దం పగలొచ్చు. ఇక ఇంధనం సంగతి. హైవే మొదలైన దగ్గర్నుంచి తొలి బంక్ ఈగిల్ ప్లెయిన్స్‌లో, 369 కి.మీ. తర్వాత. అంటే అమృతలూరులో బయల్దేరి హైదరాబాద్ దాటేదాకా ఒక్క బంక్ కూడా లేనట్టు. దారిలో చాలా భాగం సెల్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం లేకుండా వెళ్తే అది తెగింపు కాదు, తెలివితక్కువతనం.

అద్దె వ్యాన్ అయితే ఇంకో చిక్కు. కంకర రోడ్లపైకి వెళ్లకూడదని చాలా కంపెనీల అగ్రిమెంట్లలో రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ కాగితం చదవాలి. కాదని వెళ్లి బండి పాడైతే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు.

ఈ రోడ్డు పేరు వెనక నలుగురి చావు

డెంప్‌స్టర్ ఎవరో తెలిస్తే ఈ దారిని తేలిగ్గా తీసుకోరు. 1910 డిసెంబర్ 21న ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు నలుగురు పోలీసుల బృందం కుక్కల బండ్లపై బయల్దేరింది. నాయకుడు ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌గెరాల్డ్. త్వరగా చేరాలని తిండి సామాను తక్కువ పెట్టుకున్నారు. దారి తెలిసిన స్థానిక గ్విచిన్ తెగ మనిషిని మధ్యలోనే పంపేశారు. చివరికి తిరగాల్సిన వాగు ఏదో దొరకలేదు. రోజుల తరబడి వెతికి వెనక్కి మళ్లారు. తిండి అయిపోయాక బండి లాగిన కుక్కలనే ఒక్కొక్కటిగా చంపి తిన్నారు. మొత్తం 15 కుక్కలతో మొదలైన ప్రయాణమది. అయినా నలుగురూ బతకలేదు. చివరి ఇద్దరు కోటకు దాదాపు 40 కి.మీ. దూరంలో చనిపోయారు. 1911 మార్చిలో శవాలను కనుగొన్న పోలీసు అధికారే డబ్ల్యూజేడీ డెంప్‌స్టర్.

ఇప్పుడు రోడ్డుంది, హీటర్ ఉంది. కానీ దారి తెలిసినవాళ్ల మాట వినకపోవడం, సామాను తగ్గించుకోవడం అనే ఆ రెండు తప్పులు నేటికీ జరుగుతూనే ఉన్నాయి.

మరి కుక్క సంగతి?

వీడియోల్లో కుక్క గొలుసు లేకుండా పరిగెడుతుంటే చూడ్డానికి బాగుంటుంది. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. వదిలేసిన కుక్క ఎలుగును చూసి మొరుగుతుంది, అది ఎదురు తిరిగితే భయపడి నేరుగా యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. వెనకాలే ఎలుగు! అందుకే గొలుసు తప్పనిసరి. భార్యాభర్తలిద్దరి దగ్గరా ఎలుగుల్ని తరిమే స్ప్రే ఉండాలి, అదీ బ్యాగ్ అడుగున కాదు, నడుముకు. కుక్క గిన్నెలో మిగిలిన తిండి రాత్రిపూట బయట వదలకూడదు.

రేబిస్ టీకా మరీ ముఖ్యం. ఉత్తరాన ఆర్కిటిక్ నక్కల్లో రేబిస్ ఉంది. కంకరకు పాదాలు కోసుకుపోకుండా చిన్న బూట్లు తొడగాలి. మారుమూల ఊళ్లలో పశువైద్యులు దొరకడం కష్టం కాబట్టి మందులు, కట్టుగుడ్డలు వెంట ఉండాల్సిందే. వేసవిలో ఇనువిక్‌లో 50 రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. రాత్రి పదింటికీ ఎండే. మూసిన వ్యాన్‌లో కుక్కను వదిలి వెళ్తే వేడికి ప్రాణం మీదికి వస్తుంది. చలిలో గ్యాస్ హీటర్ వేసుకుని పడుకునేవాళ్లకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషినీ కుక్కనూ తీసుకుపోతుంది.

పక్కనే అలాస్కా ఉంది కదా అని సరిహద్దు దాటాలనుకుంటే, 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు మారాయి. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, ఆన్‌లైన్ ఫామ్ నింపాలి. ఇక్కడి నుంచి కుక్కను తీసుకెళ్లినవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. భారత్‌ను అమెరికా, కెనడా రెండూ కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో పెట్టాయి. గత ఆరు నెలల్లో కుక్క ఇండియాలో ఉంటే అమెరికా అడిగే కాగితాలు మరిన్ని.

ఎప్పుడు వెళ్లాలంటే.. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. జూన్, జులైలో దోమలు దారుణం. ఆగస్టు చివర్లో కొండలు ఎర్రగా మారతాయి, దోమలు తగ్గుతాయి. దారిలో పీల్, మెకెంజీ నదులపై వంతెనల్లేవు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో మంచు మీదే దాటాలి. నది గడ్డకట్టే రోజుల్లో, తిరిగి కరిగే రోజుల్లో రెండూ ఉండవు, దారి మూతే. బయల్దేరే ముందు '511 యూకాన్' వెబ్‌సైట్‌లో ఆ రోజు రోడ్డు పరిస్థితి చూసుకోవచ్చు. ఫెర్రీ ఆగిందని తెలిస్తే డాసన్‌లోనే ఉండిపోవడం నయం.