సింగూరులో తాగునీటి తర్వాతే కరెంటు

పుల్కల్‌: సింగూరు జలాశయంలో నీరున్నా జలవిద్యుత్‌ కేంద్రం ఏడాది పొడవునా పనిచేయదు. నిండుగా నీరుండగా కరెంటు ఎందుకు తీయరని కొందరు, తాగాల్సిన నీటిని టర్బైన్లకు మళ్లిస్తున్నారని మరికొందరు అంటుంటారు. జలాశయాన్ని ఏ అవసరానికి నిర్మించారో తెలిస్తే ఈ రెండు సందేహాలూ తీరుతాయి.

జంట నగరాల కోసం..
మహారాష్ట్రలోని బాలాఘాట్‌ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి ప్రవేశించే మంజీరపై 29.91 టీఎంసీల సామర్థ్యంతో సింగూరును నిర్మించారు. పూర్తిస్థాయి నీటిమట్టం 523.6 మీటర్లు. హైదరాబాద్‌ తాగునీరు దీని ప్రధాన లక్ష్యం. దిగువన ఘనపురం ఆనకట్ట, నిజాంసాగర్‌ ఆయకట్టు రైతులు కూడా ఈ నీటికే ఎదురుచూస్తారు. తర్వాతి కాలంలో అందోలు, పుల్కల్‌ ప్రాంతాల్లోని 40 వేల ఎకరాల సాగు, మిషన్‌ భగీరథ అవసరాలు తోడయ్యాయి.

నీరు ఖర్చు కాదు.. కానీ
విద్యుత్‌ కేంద్రంలో 7.5 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. 1999-2000లో ఇవి ఉత్పత్తి ప్రారంభించాయి. రెండూ పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే రోజుకు 3.6 లక్షల యూనిట్లు వస్తాయి. ఎత్తు నుంచి వచ్చే నీటి ఒత్తిడికి టర్బైను, దానితోపాటు జనరేటరు తిరుగుతాయి. ఆ నీరు తిరిగి నదిలోనే కలుస్తుంది. నీరు తరిగిపోదు, కానీ దిగువకు వెళ్లినది మళ్లీ జలాశయంలోకి రాదు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. కేవలం కరెంటు కోసం వదిలితే వేసవి నిల్వకు గండి పడినట్లే.

అందుకే వరద వచ్చినప్పుడు, దిగువ ఆయకట్టుకు నీరు వదిలినప్పుడు మాత్రమే ఉత్పత్తి చేయడం మేలు. ఎలాగూ వెళ్లే నీటిని గేట్ల ద్వారా పంపితే కరెంటు రాదు, టర్బైన్ల ద్వారా పంపితే అదనపు లాభం. అయితే టర్బైన్లు తీసుకోగల నీటికి పరిమితి ఉంది. వరద అంతకు మించితే గేట్లు ఎత్తక తప్పదు. నీటిమట్టం తగ్గేకొద్దీ ఒత్తిడి కూడా తగ్గి, ఉత్పత్తి పడిపోతుంది.

కరవు నేర్పిన పాఠం
2015-16 కరవులో సింగూరు ఎండిపోయింది. హైదరాబాద్‌కు మంజీర నీటి సరఫరా నిలిచి, కృష్ణా, గోదావరి జలాలే ఆధారమయ్యాయి. చుట్టుపక్కల పల్లెలకు అంతటి ప్రత్యామ్నాయం లేదు. కాబట్టి దిగువకు నీరు వదిలిన ప్రతిసారీ ప్రజలు గమనించాల్సినవి రెండే: అది టర్బైన్ల ద్వారా వెళుతోందా? వేసవి తాగునీటికి సరిపడా మిగులుతోందా? రెండో ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చాకే మొదటి ప్రశ్నకు విలువ.