వెలిసిన టేకుకు తిరిగి రంగు
నల్లమల అడవుల్లో సహజంగా పెరిగే టేకు, బనగానపల్లె, ఆళ్లగడ్డ, నంద్యాల పరిసరాల్లో ద్వారబంధాలకూ దూలాలకూ ఎంత పేరున్న కలపో, నీటిమీద తిరిగే ఓడలకూ అంత పేరున్నది. 1817లో బొంబాయిలో టేకుతో నిర్మించిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో తేలుతూ ఉండటమే ఇందుకు నిదర్శనం. చెక్కలోని సహజ నూనెలూ రసాయనాలూ చెదనూ కుళ్లునూ చాలావరకు నిలువరిస్తాయి.

అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు కలప నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొట్టగా, వాన దానిని కడిగివేస్తుంది; మిగిలిన సెల్యులోజ్ నారలు బూడిదరంగుకు తిరుగుతాయి. ఈ మార్పు పైపొరకే పరిమితం కాబట్టి, పడవ మీది డెక్కు గానీ ఇంటి తలుపు గానీ వెలిసినంత మాత్రాన పాడైనట్లు కాదు. నిజానికి బూడిదరంగును అలాగే వదిలి, అప్పుడప్పుడు కడిగితే చాలునన్నది సమంజసమైన పద్ధతే.

రంగు తిరిగి కావాలనుకునేవారు సబ్బునీటితో, మెత్తని కుంచెతో, నారకు అడ్డంగా రుద్దాలి. నిలువుగా గట్టిగా రుద్దినా, పీడనంతో నీరు చిమ్మినా మెత్తని భాగం లేచిపోయి గాళ్లు పడతాయి. ఇనుపమేకుల చుట్టూ ఏర్పడే నల్లమరకలకు పలుచని ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది గానీ, అది విషపదార్థం కనుక చేతితొడుగులు తప్పనిసరి. పూర్తిగా ఆరిన తరువాతనే నూనె పట్టించాలి. అవిసె నూనె వాడితే, నూనె పీల్చిన గుడ్డలు ముద్దగా పడి ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు కాబట్టి, వాటిని పరచి ఆరబెట్టాలి.