రోడ్డుమీది కారుకు అల్యూమినియం బ్లాకు

మోటారు కారు ఇంజనులో అన్నింటికన్న పెద్ద పోత వస్తువు బ్లాకు. సిలిండర్లు ఉండేది దీనిలోనే. క్రాంకు షాఫ్టును మోసేది ఇదే. సిలిండర్లను చల్లబరచే నీటి కాలువలు కూడ దీని గోడలలోనే ఉంటాయి. చాలకాలం దీనిని పోత ఇనుముతోనే చేసేవారు. పోత ఇనుము చవుక, గట్టిది. దానిలోని గ్రాఫైటు రేకులు పిస్టను రింగుల ఒరిపిడికి కందెన వలె తోడ్పడతాయి. ఇన్ని సుగుణాలున్న లోహాన్ని విడిచి అల్యూమినియాన్ని ఆశ్రయించటానికి ముఖ్య కారణం బరువు. ఒక ఘన సెంటీమీటరు పోత ఇనుము సుమారు 7.2 గ్రాములు తూగితే, అంతే అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది.

ఈ లెక్క చూచి బ్లాకు బరువు మూడోవంతుకు దిగుతుందని అనుకోరాదు. అల్యూమినియం ఇనుమంత బిరుసైనది కాదు. ఒత్తిడికి వంగకుండా నిలవాలంటే గోడలు మందంగా పోయాలి, బేరింగుల దగ్గర అదనపు పట్టీలు పెట్టాలి. సిలిండర్లకు ఇనుప తొడుగులు వేస్తే వాటి బరువు వేరు. మిగిలిన బరువులో కొంత ఇట్లా తిరిగి ఖర్చయిపోతుంది. అయినా మిగిలేది తక్కువేమీ కాదు. ఫోర్డు కంపెనీ 2011 మోడలు షెల్బీ జి.టి.500 కారులో 5.4 లీటర్ల ఇంజనుకు ఇనుప బ్లాకు బదులు అల్యూమినియం బ్లాకు పెట్టింది. తగ్గిన బరువు 102 పౌన్లు, అనగా సుమారు 46 కిలోలు. అశ్వశక్తి మాత్రం 540 నుంచి 550కి పెరిగినదంతే. కాని తగ్గిన బరువంతా ముందు చక్రాలమీదిది. మలుపులలోను, బ్రేకు వేసినప్పుడును దాని లాభం తెలుస్తుంది.

పందెపు కార్లలో ఈ లోహం గెలవటంలో వింత లేదు. పందెపు ఇంజనును కొద్ది గంటలు నడిపి విప్పి చూస్తారు. రోజూ తిరిగే కారు సంగతి వేరు. అది చలికి బిగుసుకొని ఉదయం లేవాలి, ట్రాఫిక్కులో నిలిచి కాగాలి, యజమాని ఏమరుపాటును ఏళ్ళ తరబడి భరించాలి.

అమెరికాలో జరిగిన రెండు ప్రయోగాలు ఇందుకు మంచి నిదర్శనాలు. జనరల్ మోటార్సు వారు 1961లో బ్యూక్ కారుకు 3.5 లీటర్ల వి-8 ఇంజనును అల్యూమినియంతో చేసి, సిలిండర్లకు ఇనుప తొడుగులు వేశారు. ఇంజను మొత్తం బరువు 150 కిలోల లోపే. కాని పోతలో సన్నని రంధ్రాలు పడి చాల బ్లాకులు పనికిరాకుండా పోయేవి. ఈ లోహానికి సరిపడని ద్రవాన్ని రేడియేటరులో పోయటం వల్ల మడ్డి పేరుకొనేది. 1963తో దానిని విరమించారు. 1965లో ఇంగ్లండులోని రోవర్ కంపెనీ ఆ హక్కులు కొని, దానినే దశాబ్దాల పాటు నడిపింది. జాక్ బ్రభామ్ 1966లో ప్రపంచ ఛాంపియన్‌గా నెగ్గిన రెప్కో ఇంజనుకు కూడ ఇదే కుటుంబపు బ్లాకు మూలం.

రెండవది 1971 మోడలు షెవర్లే వేగా. ఇది పందెపు కారు కాదు, చవుక కారు. అయినా పాఠం దీనిలోనే ఎక్కువ. దీనిలో ఇనుప తొడుగులు లేవు. సామాన్యంగా బ్లాకుల మిశ్రలోహంలో సిలికాను 6 నుంచి 9 శాతం ఉంటుంది. వేగాలో 17 శాతం కలిపారు. సిలికాను సుమారు 12 శాతం దాటితే, పోత చల్లారేటప్పుడు అది గట్టి స్ఫటికాలుగా విడిపోతుంది. సిలిండరు గోడపై మెత్తని అల్యూమినియాన్ని రసాయనంతో కొద్దిగా కరిగిస్తే స్ఫటికాలు పైకి తేలతాయి. పిస్టను వాటిమీద జారుతుంది. ఆలోచన చక్కనిదే. కాని పైన ఇనుప హెడ్డు, క్రింద అల్యూమినియం బ్లాకు, చాలీచాలని నీరు! ఇంజను ఒకసారి కాగిందంటే గాస్కెట్టు పోయి, సిలిండర్లు గీరుకొని పోయేవి. కంపెనీ నీటి ఏర్పాటును సరిదిద్ది, 1976లో ఇంజనుకు 5 ఏళ్ళు లేక 60,000 మైళ్ళ హామీ ఇచ్చేనాటికే పేరు చెడిపోయింది. తప్పు లోహానిది కాదని నా అభిప్రాయం: ఇటువంటి మిశ్రలోహపు సిలిండర్లతోనే 1977లో వచ్చిన పోర్షె 928 మన్నికకు పేరు తెచ్చుకొన్నది.

కాగితే ఎందుకింత హాని? నూరు డిగ్రీల వేడికి మీటరు పొడవు ఇనుము సుమారు 1.1 మిల్లీమీటర్లు సాగితే, అల్యూమినియం దానికి రెట్టింపు సాగుతుంది. వేడెక్కినప్పుడు క్రాంకు బేరింగుల సందు పెరిగి నూనె ఒత్తిడి తగ్గుతుంది. వాల్వుల సందు కూడ మారుతుంది. ఇనుప తొడుగు పట్టు వదులుతుంది. అందుకే తొడుగుల వెలుపలి వైపు గరుకుగా చేసి, లోహాన్ని వాటిచుట్టూ పోస్తారు. 1997లో కార్వెట్‌లో వచ్చిన ఎల్.ఎస్.1 ఇంజనుకు పోతలోనే ఇనుప తొడుగులున్నాయి. ఇంతేకాక, వేడిలో పదును పెట్టిన అల్యూమినియం 200 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు ఉంటే మెత్తబడి, హెడ్డు బోల్టుల మరలు ఊడివస్తాయి. పైన చెప్పిన షెల్బీలో తొడుగులు తీసివేసి, ప్లాస్మాతో కరిగించిన ఉక్కును గోడలపై పలుచగా చిమ్మారు. బరువు తగ్గింది, వేడి నీటికి త్వరగా చేరుతుంది.

నీటి విషయం ఇంకొకటి. సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచితే గిన్నె మచ్చలు పడటం మనకు తెలిసినదే. అల్యూమినియాన్ని కాపాడే పలుచని ఆక్సైడు పొర పులుపుకు, ఉప్పుకు లొంగుతుంది. ఇంజనులో ఇనుము, అల్యూమినియం ఒకే నీటిలో మునిగి ఉంటాయి. ఆ నీటిలో లవణాలుంటే చిన్న విద్యుద్ఘటమే ఏర్పడి అల్యూమినియం తినుకుపోతుంది. కుళాయి నీరు పోయరాదనటం ఇందుకే. తుప్పును అడ్డుకొనే మందులు కలిపిన గ్లైకాల్ ద్రవాన్నే వాడి, ఆ మందులు క్షీణించకముందే మార్చాలి.

టర్బో బిగించి శక్తిని రెట్టింపు చేయదలచినవారిలో చాలమంది ఎల్.ఎస్. కుటుంబపు పికప్ వాహనాల ఇనుప బ్లాకునే వెదకి కొంటారు. అది బరువైనా చవుక. సిలిండర్లు అరిగితే తొలిచి మళ్ళీ వాడుకోవచ్చు. ఎల్.ఎస్.1లో తొడుగులు పలుచన కనుక తొలవటానికి చోటు బహు స్వల్పం. అయితే అల్యూమినియం బ్లాకు గోడ చిల్లిపడితే నేర్పుగల పనివాడు వెల్డింగు చేసి బాగుచేయగలడు. పోత ఇనుము అతుకుకు అంత సులభంగా లొంగదు.