ముళ్లు లేని జెముడు పెంచుతారా?
జెముడంటే ముళ్లేనా? మెక్సికోకు చెందిన ఆస్ట్రోఫైటమ్ మిరియోస్టిగ్మాకు ముళ్లుండవు. ఒంటినిండా విబూది చల్లినట్టు తెల్లని చుక్కలు, నెత్తిన పసుపు పువ్వు. ఎదుగుదల బహు నిదానం. విత్తనం వేస్తే పూతకు ఏళ్లు ఆగాలి. అన్నేళ్లు సాకిన మొక్క ఒక్క ముసురుకే కుళ్లిపోవచ్చు. కనుక మన నల్లరేగడి కుండీలోకి వద్దే వద్దు. తేమ పట్టి ఉంచడం పత్తికి మంచిదే గానీ, దీనికి చేటు. ముతక ఇసుక, గులకరాళ్లు సగానికి పైగా వేసి, మిగతా ఎర్రమన్ను, కొద్దిగా చివికిన పశువుల ఎరువు కలపండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. మట్టి పూర్తిగా ఆరాకే నీరు పోయాలి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో వరండాలోకి చేర్చండి. మే నెల మధ్యాహ్నపు ఎండకు మాడితే పడిన మచ్చ ఇక పోదు. పత్తి రైతుకు తెలిసిన పిండినల్లి దీన్నీ వదలదు. కనబడగానే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి.