ఇంటిపేరు మాండొలిన్!

పాలకొల్లు అనగానే మీకెవరు గుర్తొస్తారు? అల్లు రామలింగయ్యగారు. సరే. దాసరి నారాయణరావుగారు. సరే. కోడి రామకృష్ణగారు. అదీ సరే! కాస్త అవతలికి, నరసాపురం పక్కన మొగల్తూరు దాకా వెళ్తే చిరంజీవిగారు. ఆ చుట్టుపక్కల నీళ్ళలోనే ఏదో ఉందని మా వాళ్ళంటూ ఉంటారు. ఉన్నా ఉండొచ్చు.

ఈ వారం నేను చెప్పబోయే పాలకొల్లు కుర్రాడు మాత్రం హీరో కాడు, కమెడియన్ కాడు, డైరెక్టరూ కాడు. ఉప్పలపు శ్రీనివాస్. "ఎవరండీ ఆయన?" అంటారు కదూ? మాండొలిన్ శ్రీనివాస్ అనండి. "ఓ, ఆయనా!" అని మీరే అంటారు. మన గోదావరి జిల్లాల్లో పెళ్ళి సంబంధం మాటొస్తే అబ్బాయి పేరుకన్నా ముందు ఇంటిపేరు అడుగుతారు. అలాంటి చోట పుట్టినవాడికి అసలు ఇంటిపేరు మరుగునపడి, ఓ పరాయిదేశపు వాద్యం ఇంటిపేరైపోయిందంటే ఆ కథేమిటో తెలుసుకోవద్దూ?

ముందు ఆ వాద్యం సంగతి. మాండొలిన్ చూడ్డానికి గిటారుకి తమ్ముడిలా ఉంటుంది. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (1995)లో షారుఖ్ ఖాన్ చేతిలో చూశారే, అదే! మన పాత పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య గలగలమని పలికి పారిపోయే బిట్లు చాలావాటిలో వినబడేది అదే. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జంటలో లక్ష్మీకాంత్ మాండొలిన్ వాయించేవాడు, ప్యారేలాల్ ఫిడేలు. సరదాగా కుదిరిన జోడీ కాదది. ఫిడేలుకి ఏ శ్రుతి కడతారో మామూలుగా మాండొలిన్‌కీ అదే కడతారు. ఒకటి వచ్చినవాడికి రెండోదాని మీద వేళ్ళెక్కడ పెట్టాలో ఇట్టే తెలిసిపోతుంది. తేడా ఏమిటంటే ఫిడేలుని కమానుతో రాస్తారు, దీన్ని మీటుతారు. ఫిడేలుకి మెట్లు లేవు, దీనికి ఉన్నాయి. ఆ మెట్ల దగ్గరే మన కథంతా ఉంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక్కసారి అమెరికా తీసుకెళ్ళాలి. కంగారు పడకండి, టిక్కెట్టు ఖర్చు లేదు! అక్కడ కెంటకీ రాష్ట్రంలో రోజీన్ అని ఓ పల్లె. 1911లో ఆ ఊళ్ళో బిల్ మన్రో పుట్టాడు. ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఓ అన్న ఫిడేలు తీసుకున్నాడు, ఇంకో అన్న గిటారు తీసుకున్నాడు, చిన్నోడికి మాండొలిన్ మిగిలింది. అదైనా సవ్యంగా ఇచ్చారా అంటే అదీ లేదు. మోత ఎక్కువవుతుందని ఉన్న ఎనిమిది తీగల్లో నాలుగు తీయించేశారట! తల్లీ తండ్రీ పోయాక కుర్రాడు మేనమామ పంచన చేరాడు. ఆ మేనమామ చుట్టుపక్కల డాన్సులకి ఫిడేలు వాయించేవాడు. మేనల్లుడు వెనకాల వంత. ఆ ఫిడేలు పాటలు చెవిలో పెట్టుకుని పెరిగినవాడే తర్వాత 'బ్లూ గ్రాస్ బాయ్స్' అని ఓ బృందం పెట్టాడు. ఆ బృందం పేరే ఆ సంగీతానికి పేరైంది, బ్లూగ్రాస్ అని. ఫిడేలు, బాంజో, గిటారు, మాండొలిన్, ఓ పెద్ద బేసు ఫిడేలు. డ్రమ్ములుండవు. ఒక్కొక్కరూ తమ వంతు రాగానే మైకు ముందుకొచ్చి చెలరేగిపోతారు, తక్కినవాళ్ళు వెనక దరువు పట్టుకుంటారు. డ్రమ్ము చెయ్యాల్సిన పని ఎక్కువగా మాండొలిన్‌దే. తీగల్ని చటుక్కున మీటి చటుక్కున నొక్కేస్తే 'టక్' అని తాళం పడుతుంది.

చూశారా దాని స్వభావం? మీటగానే పలుకుతుంది, పలకగానే ఆరిపోతుంది. కెంటకీలో డాన్సులకి అది వరం. మరి తోడి రాగానికో?

పాలకొల్లు ఇంట్లో

1969 ఫిబ్రవరి 28న శ్రీనివాస్ పుట్టాడు. నాన్న సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. మన పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వెనక నడిచినవాళ్ళకి క్లారినెట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కొత్త సినిమా పాటైనా, త్యాగరాజ కీర్తనైనా వీధి చివరిదాకా మోసుకెళ్ళేది అదే. పరాయి వాద్యం మన పాట పాడటం ఆ ఇంట్లో కొత్త విషయం కాదన్నమాట.

ఆ ఇంట్లోనే మాండొలిన్ కూడా ఉండేది. ఆరేళ్ళ పిల్లాడు ఓ కచేరీ చూసి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి గమనించి కొత్తది కొనిచ్చి తనే నేర్పడం మొదలెట్టారు. వాసూరావు అనే గిటారు విద్వాంసుడు కుర్రాడికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తర్వాత వచ్చారు అసలు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సత్యనారాయణగారికీ ఆయనే గురువు.

ఇక్కడో విచిత్రం. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన గొంతెత్తి పాడేవారు. పిల్లాడు విని, అదే పాటని తీగల మీద వెతుక్కునేవాడు. నన్నడిగితే ఆ కుర్రాడి అదృష్టమంతా ఇక్కడే ఉందంటాను. గురువుకి మాండొలిన్ వచ్చి ఉంటే, ఆ వాద్యం ఏం చెయ్యగలదో అదే నేర్పేవారు. రాదు గనక, గొంతు ఏం చెయ్యగలదో అది నేర్పారు. వాద్యానికి చేతకాదన్న సంగతి ఆ పిల్లాడికి చెప్పినవాళ్ళే లేరు.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. వయసు తొమ్మిదేళ్ళు. 1981 డిసెంబరు సీజనులో మదరాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. వయసు పన్నెండు!

ఆ మధ్యలోనే, 1980 ఫిబ్రవరిలో, మన 'శంకరాభరణం' వచ్చింది. గిటార్లు పట్టుకుని అర్ధరాత్రి అల్లరిచేసిన కుర్రాళ్ళకి శంకరశాస్త్రి బుద్ధి చెబుతుంటే హాళ్ళలో చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను లెండి. కానీ సరిగ్గా అప్పుడే గోదావరి జిల్లా కుర్రాడొకడు గిటారు తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అదే శంకరశాస్త్రి సంగీతం సాధన చేస్తున్నాడంటే, ఇది ఏ రచయితకూ తట్టని సీను కాదూ?

గమకం పలుకుతుందా?

మదరాసులో సంప్రదాయం ఎరిగిన పెద్దల అనుమానం ఒక్కటే: "దీని మీద గమకం పలుకుతుందా?" వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. మన సంగీతంలో స్వరం ఒకచోట నిలబడదు. ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది, జారుతుంది. వీణకీ మెట్లున్నాయిగా అంటారేమో. వీణ తీగ పొడుగు, మెట్ల మధ్య ఎడం ఎక్కువ. తీగని పక్కకి లాగితే సాగుతుంది. మాండొలిన్ తీగ పొట్టి, బిర్రు. పైగా జంట తీగలు. రెండింటినీ ఒకేసారి ఒకే కొలతకి లాగడం పెద్దవాళ్ళ వేళ్ళకే కష్టం. లాగినా ఏం లాభం? నాదం ఆరిపోతుంది!

శ్రీనివాస్ ఏం చేశాడంటే, జంటలు విడగొట్టి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదు. ఎలెక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. దాంతో ఒక్క మీటుకి నాదం నిలబడసాగింది. నిలబడిన నాదాన్ని వేలితో లాగాడు, మెట్ల మీద జార్చాడు. కెంటకీలో నోరు నొక్కడానికి తీగలు తీయిస్తే, పాలకొల్లు కుర్రాడు నోరు విప్పించడానికి తీశాడన్నమాట.

ఆయన క్యాసెట్టు మొదటిసారి విన్నప్పుడు నేను వేగానికే ముగ్ధుణ్ణైపోయాను. వేళ్ళు అలా పరిగెడుతుంటే ఎవరైనా అంతే. తర్వాత్తర్వాత తెలిసింది, వినాల్సింది నెమ్మదిగా సాగే ఆలాపన అని. అక్కడ వేళ్ళు కనబడవు, గొంతు వినబడుతుంది. మీ ఫోనులో పెట్టుకుని, దీపం తీసేసి వినండి, నేను చెప్పింది నిజమో కాదో మీకే తెలుస్తుంది.

అన్నట్టు, ఆయన కచేరీల్లో పక్కవాద్యం ఏమిటో తెలుసా? ఫిడేలు, మృదంగం. అక్కడ కెంటకీలోనూ మాండొలిన్ పక్కన ఫిడేలే. ఆ ఫిడేలు మాత్రం మనదా? ఇంగ్లీషు దొరలతో వచ్చిందే. బాలుస్వామి దీక్షితులు లాంటివాళ్ళు పట్టుకుని మనదాన్ని చేశారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి 1941లో సంగీత కళానిధి బిరుదు కూడా వచ్చింది. ఫిడేలుకి నూరేళ్ళకు పైగా పట్టిన ప్రయాణాన్ని మాండొలిన్ ఓ పిల్లాడి చేతుల్లో నాలుగేళ్ళలో పూర్తిచేసింది!

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలిచారు. పద్నాలుగేళ్ళవాడికి అరగంట టైమిచ్చారు. జనం వదిలిపెట్టక మరో గంట వాయించాల్సొచ్చింది. పదిహేనో ఏటికల్లా తమిళనాడు ఆస్థాన విద్వాంసుడు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవం. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్. 1998లో పద్మశ్రీ. ఆ తర్వాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందం. 'బ్రెత్‌లెస్' పాటతో మీ అందరికీ తెలిసిన శంకర్ మహదేవన్ కూడా అందులో చేరాడు. యూరప్, అమెరికా వేదికల మీద కూర్చున్నా శ్రీనివాస్ తన బాణీ మార్చలేదు. మెక్‌లాఫ్లిన్ గిటారు ఓ ప్రశ్న వేస్తే మాండొలిన్ జవాబిచ్చేది, అదీ రాగం గీత దాటకుండా. అడిగితే చాలు జాజ్ వాయించగల చేతులవి. అడిగినా ఇల్లు మరిచిపోని చేతులు కూడా.

2009కి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. సంగీత కళానిధి మాత్రం రాలేదు. వయసుందిగా, వస్తుందిలే అని నాలాంటివాళ్ళం అనుకుంటూ ఉండిపోయాం. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ మార్పిడి తర్వాత ఆరోగ్యం విషమించి ఆయన వెళ్ళిపోయాడు. నలభై ఐదేళ్ళు. అందులో ముప్ఫై ఆరేళ్ళు వేదిక మీదే! పిల్లాడిగా ఉన్నప్పుడు ఆడుకున్నాడో లేదో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది నాకు.

తమ్ముడు రాజేష్ అన్న దగ్గరే నేర్చుకుని అదే వాద్యం పట్టుకున్నాడు. ఇక మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల బృందం 'శక్తి' పేరుతోనే 2023లో 'దిస్ మొమెంట్' ఆల్బమ్ తెచ్చింది. దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. పేపర్లలో ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు 'శ్రీనీస్ డ్రీమ్', శ్రీని కల. శ్రీనివాస్ కూర్చునే చోట మరో మాండొలిన్‌ని కూర్చోబెట్టలేదు వాళ్ళు. ఫిడేలు పెట్టుకున్నారు.